మాబున్ని కెమెరా ఆపలేదు

నేను ధైర్యవంతుణ్ణి కాను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. మాది మూడు తరాల బట్టల వ్యాపారం. పోలీసు జీపు కనబడితే మా నాన్న అంగట్లో పరుపు మీద నుంచి లేచి నిలబడేవాడు. నేనూ లేస్తాను. ఎందుకు లేస్తామో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. అలాంటి ఆదినారాయణ శెట్టి ఒక మనిషి గురించి రాయడానికి కాగితం ముందేసుకున్నాడంటే, ఆ మనిషి నన్ను ఎంత అదరగొట్టి ఉండాలో మీరే ఆలోచించండి.

ఆవిడ పేరు మెహబూబున్నీసా. అంత పొడుగు పేరు పలికే ఓపిక ప్రొద్దుటూరు బజారులో ఎవరికీ లేదు కాబట్టి అందరికీ మాబున్ని. పుట్టింది పులివెందుల, మెట్టింది జమ్మలమడుగు, బతుకుతున్నది మా ఊళ్ళో. భర్త జమాల్ జమ్మలమడుగులో చిన్న ఫోటో స్టూడియో నడిపేవాడు. పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాడు కానీ, వాళ్ళ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు కూర్చునే వైపు మగ కెమెరామేన్‌ను రానివ్వరు. పెళ్ళి వీడియో వేసి చూసుకుంటే మగవాళ్ళ గడ్డాలూ, బిర్యానీ గిన్నెలూ తప్ప పెళ్ళికూతురు కనబడేది కాదు. ఒకసారి ఒక పెళ్ళికూతురి తల్లి స్టూడియోకి వచ్చి, "నా బిడ్డ పెండ్లిలో నా బిడ్డ యాడుంది జమాలూ?" అని ఏడ్చిందట. ఆ రాత్రే జమాల్ భార్య చేతికి కెమెరా ఇచ్చి ఎలా పట్టుకోవాలో నేర్పాడు.

జమాల్ గుండెపోటుతో పోయాక మాబున్ని ఆ కెమెరాతో ప్రొద్దుటూరు వచ్చేసింది. ఇప్పుడు మూడు ఊళ్ళలోనూ ఆడవాళ్ళ వైపు తీయాలంటే ఆవిడే. హిందువుల ఇళ్ళలో సీమంతాలకూ ఓణీల ఫంక్షన్లకూ కూడా ఆవిణ్ణే పిలుస్తారు. యాభై దాటాయి. సన్నగా, పొట్టిగా ఉంటుంది. మెడలో కళ్ళజోడు తాడు వేలాడుతూ ఉంటుంది. పెళ్ళిపందిట్లో అరగంట కదలకుండా నిలబడి తీస్తుంటే, ఆవిణ్ణి కూడా డెకరేషన్ వాళ్ళు తెచ్చి పెట్టారనుకుంటారు.

ఆవిడ పనికి ఒక కట్టుబాటు ఉంది. ఫంక్షన్ అయిపోగానే కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి పెళ్ళికూతురి తల్లి అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళు తనే మూసేస్తుంది. తన దగ్గర కాపీ ఉంచుకోదు. పాటలు కలిపి తీర్చిదిద్దాలంటే ఆ తల్లే కార్డు తెచ్చి పక్కన కూర్చోవాలి, పని కాగానే మళ్ళీ పట్టుకుపోవాలి. ఇదేం చాదస్తమని నేనొకసారి వెక్కిరించాను.

"చాదస్తం గాదన్నా. ఆడోళ్ళు ముసుగు తీసి నవ్విన నవ్వు అది. నా ఇంట్లో ఎందుకుండాల?" అంది.

ఇంకో అలవాటు ఆవిడకు పోలీసుల దగ్గర నుంచే వచ్చింది. ఆడమనిషి అనుమానాస్పదంగా చనిపోతే పంచనామా వీడియో తీయడానికి పోలీసులు ఆవిణ్ణి పిలిపించేవాళ్ళు. అప్పుడెవరో పాతకాలపు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చెప్పాడట, మొదలుపెట్టాక మధ్యలో ఆపొద్దు, ముక్కలు చేస్తే కోర్టులో నిలవదు, ముందు తేదీ, టైము, చోటు నోటితో చెప్పు అని. అప్పటి నుంచి మాబున్ని దేన్ని తీసినా ఆ మూడూ చెప్పి మొదలుపెడుతుంది. పెళ్ళిళ్ళలో కూడా ఆ గొణుగుడు వినబడుతుంది, పాటల్లో కలిసిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఇక కిందటి ఎండాకాలం జరిగింది చెప్తాను.

పెద్దముడియం నుంచి పెళ్ళివాళ్ళు చీరలు కొనడానికి మా అంగడికి వచ్చారు. ఈమధ్య చీరలు ఏరుకోవడం కూడా వీడియో తీయించుకుంటున్నారు, పెళ్ళికూతురు ఒక చీర భుజమ్మీద వేసుకుని అద్దంలో చూసుకోవడం, అత్తగారు పెదవి విరవడం, అన్నీ. దానికి మాబున్ని వచ్చింది. బయట మా అంగడి మెట్ల పక్కన నాగమ్మ ఎప్పట్లాగే తడిగోనె పరుచుకుని పూలు కడుతోంది. ఇరవై ఏళ్ళుగా ఆ చోటు ఆమెదే. ఆమె కొడుకు మల్లికార్జున ఆటో తోలతాడు. రోజూ పన్నెండు లోపల తల్లికి అన్నం క్యారియర్ తెచ్చి ఇచ్చి పోతాడు.

ఆరోజూ వచ్చాడు. ఆటో ఆపి క్యారియర్ దించాడు. అదే సమయానికి ఎవరో పెద్దాయన కార్లు ఆ దారిన వస్తాయని పోలీసులు రోడ్డు ఖాళీ చేయిస్తున్నారు. మల్లికార్జున గబగబా ఎక్కాడు, కానీ ఆటో స్టార్ట్ కాలేదు.

"తియ్ రా ఆటో!" అని ఎస్సై వచ్చాడు. కొత్తగా వచ్చిన మనిషి, మెడ నిలువుగా పెట్టుకుని నడుస్తాడు.

"ఒక్క నిమిసం సార్, తోసుకుంటా పోతా," అన్నాడు మల్లికార్జున.

ఆ ఒక్క నిమిషం ఇవ్వలేదు. లాఠీ భుజమ్మీద పడింది. తర్వాత వీపు మీద. నాగమ్మ "సామీ, సామీ" అంటూ లేచింది. పక్కనున్న కానిస్టేబుల్ ఆటో తాళం లాగడానికి వంగబోయి తడిగోనె మీద కాలు వేశాడు. కాలు జారింది. మా మెట్టు కడప బండ, అంచు పదును. మణికట్టు దాని మీద పడి టక్కుమంది. ఆ చప్పుడు లోపల పరుపు మీద కూర్చున్న నాకు వినబడింది. మల్లికార్జున రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఆటోలోనే ఉన్నాడు. ఇది నేను నా రెండు కళ్ళతో చూశాను.

"నన్ను తోసినాడు సార్!" అని అరిచాడు కానిస్టేబుల్. నొప్పిలో అన్నాడో, సిగ్గుతో అన్నాడో నాకు తెలియదు. ఎస్సైకి మాత్రం ఆ మాట బాగా పనికొచ్చింది.

అప్పటికే మాబున్ని మెట్ల మీద ఉంది. ఎప్పుడు లేచిందో నేను గమనించలేదు, లాఠీ మొదటి దెబ్బ చప్పుడుకే లేచిందని తర్వాత తెలిసింది. కెమెరా భుజం ఎత్తున పట్టుకుని, పెళ్ళిళ్ళలో గొణిగినట్టే తేదీ, టైము, ప్రొద్దుటూరు, బట్టలంగడి మెట్లు అని గొణిగి, తీస్తోంది. ఎస్సై చూశాడు. ఆటోను వదిలేసి ఆవిడ మీదికి వచ్చాడు.

"కెమెరా ఆపు."

మాబున్ని ఆపలేదు.

"చెవుడా? డ్యూటీలో ఉండే పోలీసును తీయగూడదు. నేరం, తెలుసా?"

"యా చట్టంలో ఉందో కెమెరాకు చెప్పండి సార్, ఆపుతా," అంది. గొంతు పైకెత్తలేదు. "ఇది రోడ్డు. నేను మెట్టు మీదుండా. మీ పనికి అడ్డం రాలా, మిమ్మల్ని తాకలా. మీరు చేస్తాండేది ఊరంతా చూస్తాంది. నా కెమెరా గూడ చూస్తాంది, అంతే గదా."

రోడ్డు మీద యాభై మంది ఉన్నారు. ఒక్కడూ కిక్కురుమనలేదు. అలాంటి చట్టమేదీ లేదని ఎస్సైకీ తెలుసు కాబోలు. అప్పుడు ఆయన చూపు లోపల ఉన్న నా మీద పడింది.

"శెట్టీ! షట్టర్ దించు."

ఎందుకు దించమన్నాడో నేను అడగలేదు. లోపల సాక్షులు ఉండకూడదనో, మెట్ల మీదున్న ఆడమనిషికి అండ లేకుండా చేయాలనో. నేను లేచాను, ఇనుపకొక్కెం పట్టుకున్నాను, దించాను. పెళ్ళివాళ్ళు లోపల ఉన్నారు. నాగమ్మ, మాబున్ని బయట ఉన్నారు. షట్టర్ సగం దిగాక నాగమ్మ నా వైపు తిరిగి, "శెట్టీ, నువ్వన్నా చెప్పు!" అంది. మిగతా సగమూ దించేశాను.

తర్వాతిది షట్టర్ జానెడు పైకెత్తి, ఆ సందులోంచి చూశాను. మల్లికార్జునను జీపులో వేసుకుపోయారు. జీపు మలుపు తిరిగేదాకా మాబున్ని కెమెరా దించలేదు. దించాక కార్డు బయటికి తీసింది. చీరల వీడియో ఇంకా మొదలుకాలేదు, అందులో ఉన్నది ఇదొక్కటే. ఏడుస్తున్న నాగమ్మ చెయ్యి పట్టుకుని అరచేతిలో కార్డు పెట్టి, వేళ్ళు మూసింది. "ఇది నీ బిడ్డది. ఎవరికీ ఇయ్యొద్దు," అంది.

కాసేపటికే ఇద్దరు కానిస్టేబుళ్ళు తిరిగొచ్చి ఎంక్వయిరీకి కావాలంటూ కెమెరా అడిగారు. మాబున్ని ఇచ్చింది. ఇచ్చి, నా షట్టర్ మీద తట్టింది.

"అన్నా, ఒక కాగితం ఇయ్యి. ఈళ్ళు రసీదు రాస్తారు."

నేను సందులోంచి ఒక బిల్లు కాగితం తోశాను. ఆరోజు ఆవిడకు నేను చేసిన సాయం అంతే. ఆ కాగితం వెనక వాళ్ళు 'కెమెరా ఒకటి తీసుకున్నాము' అని రాసి సంతకం పెట్టేదాకా ఆవిడ అక్కడి నుంచి కదలనివ్వలేదు. మా బజారులో రౌడీలు కూడా పోలీసుల దగ్గర రసీదు అడిగింది లేదు.

సాయంకాలానికి మల్లికార్జున మీద కేసు కట్టారు, డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌ను కొట్టి చెయ్యి విరిచాడని. బెయిల్ సులువుగా రాని సెక్షన్. సబ్‌జైలుకు పంపారు. నేరం రుజువైతే ఏళ్ళ తరబడి లోపలే. ఇక్కడితో నా గొప్పతనం అయిపోలేదు. మా అంగడి గుమ్మం మీద సీసీ కెమెరా ఉంది. దాని రికార్డు పెట్టె పోలీసులు అడిగితే నేనే తీగలు ఊడబీకి, దుమ్ము తుడిచి మరీ ఇచ్చాను. నాలుగు రోజులకు తిరిగొచ్చింది, అందులో ఏమీ లేదు. 'రిపేరులో ఉంది' అని నా చేతే రాయించుకున్నారు. ఇక ఆ రోడ్డు మీద ఆ రోజు ఏం జరిగిందో చెప్పగలిగింది ఆ కార్డు ఒక్కటే.

గొడవ జరిగిన మర్నాడు పొద్దునే ఎస్సై నాకు కబురు పెట్టాడు. మాబున్ని ఇంట్లో సోదా చేస్తున్నారట, సాక్షిగా, వాళ్ళ భాషలో మధ్యవర్తిగా, సంతకం పెట్టడానికి రమ్మన్నాడు. వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ఎస్సై, ఒక ఆడ కానిస్టేబుల్, ఇంకో మధ్యవర్తి, నేను. మాబున్ని మాకందరికీ మంచినీళ్ళు తెచ్చి పెట్టి, అడిగింది.

"వీడియో ఎవురు తీస్తాండారు సార్?"

"ఏం వీడియో?"

"సోదా చేసేది మొదలు కాంచి చివరి దాకా వీడియో తీయాలంట గదా. కొత్త చట్టంలో రాసిండారు. నేను చదివినా. నా పనికి సంబంధించింది గదా, చదవకుంటే ఎట్లా?"

ఎస్సై ఆడ కానిస్టేబుల్ వైపు చూశాడు. ఆ అమ్మాయి ఫోన్ తీసి నొక్కింది, మెమరీ నిండిపోయిందని వచ్చింది. బంధువుల గుడ్‌మార్నింగ్ బొమ్మలు చెరపడం మొదలుపెట్టింది, అవి తరిగేలా లేవు. నాకు నవ్వొచ్చింది, దగ్గుతో కప్పుకున్నాను.

"పోనీలేమ్మా," అంది మాబున్ని. "నా ఫోన్‌లో తీస్తా. నాకిదే పని. మీకో కాపీ ఇస్తా." అని ఫోన్ ఎత్తి, తేదీ, టైము, చోటు చెప్పింది. "ఎస్సై గారు నా బీరువా తెరుస్తాండారు," అంది మామూలుగా, పెళ్ళికూతురి మేనమామ వస్తున్నాడని చెప్పినట్టు.

నిన్న రోడ్డు మీద తనను తీయొద్దన్న మనిషి, ఈరోజు తీయక తప్పని చట్టం ముందు నిలబడి మాబున్ని దుప్పట్లు మడత విప్పుతున్నాడు. ఒక్కో దుప్పటి తీసి, మళ్ళీ మడిచి పెట్టాడు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టే ముందు కెమెరా వైపు చూసి, చెయ్యి తుడుచుకున్నాడు. అంత మర్యాదైన సోదా నా జన్మలో చూడలేదు. కెమెరా ఎత్తడం తప్ప ఆవిడ ఎవర్నీ ఏమీ చేయలేదు.

ఏమీ దొరకలేదు. బయటికి వస్తూ ఎస్సై నన్ను పక్కకు పిలిచాడు. "ఆ కార్డు ఏమైందో చూసినావా శెట్టీ?"

"షట్టర్ మూసింటే ఎట్లా కనపడుతుంది సార్?" అన్నాను.

ఇది ధైర్యమో, భయంతో పుట్టిన తెలివో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కార్డు మాత్రం నాగమ్మ కొంగున పదిలంగా ఉంది. పూలమ్మే ముసలిదాన్ని సోదా చేయాలని ఎవరికీ తట్టలేదు.

అయితే అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. దీప్తి అని కుర్ర వకీలు ఒకమ్మాయి మల్లికార్జున కేసు తీసుకుంది. కార్డు సంగతి మాబున్ని చెబితే, నాగమ్మ దగ్గరికి వెళ్ళి అడిగింది. నాగమ్మ ఇవ్వనంది. "ఎవరికీ ఇయ్యొద్దనింది మాబున్ని."

"నేను మీ అబ్బాయి వకీల్నమ్మా."

"నువ్వు ఎవరోకరివే గదమ్మా."

ఇంతలో ఆమె గండి గుడికి కూడా పోయొచ్చింది. ఆంజనేయస్వామి ముందు కొంగు ముడి విప్పి, కార్డు చూపించి, మళ్ళీ ముడేసుకుని వచ్చిందట. పూజారి పళ్ళెంలో పెట్టమంటే, ఆయనకు కూడా ఇవ్వనందట. చివరికి మాబున్నే వచ్చి నాగమ్మ పక్కన కూర్చుంది. దీప్తి ఆఫీసులో కార్డు ఎక్కించేంతసేపూ ఇద్దరూ కంప్యూటర్ ముందు నుంచి కదలలేదు. కాపీ తీసుకుని, కార్డు కోర్టుకు దాఖలు చేసే కవరులో పెట్టి, నాగమ్మ వేలిముద్ర వేశాకే సీలు వేశారు. ఆ వీడియో తీసింది తానేననీ, అందులో ఏ మార్పూ లేదనీ మాబున్ని రాసి సంతకం చేసింది. అబద్ధమని తేలితే శిక్ష పడేది ఆవిడకే.

ఇదంతా నాకు ఎలా తెలుసంటే, ఆ మరునాడు నేను మాబున్ని ఇంటికి వెళ్ళినప్పుడు ఆవిడే చెప్పింది. ఎందుకు వెళ్ళానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. షట్టర్ దించేటప్పుడు కెమెరా నా వైపు తిరగడం నేను చూశాను.

"మాబున్నీ, ఆ వీడియోలో నేనుండానా?"

"ఉండావన్నా."

"కోర్టులో వేసి చూపించే కాపీలో ఆ ముక్క తీసేస్తే కేసుకు నష్టమేం లేదు గదా. కొట్టింది ఉంది, కాలు జారింది ఉంది. నేను షట్టర్ దించేది ఎవరికి కావాల? మర్యాదగా బతికేటోణ్ణి. ఊరంతా చూస్తే ఎట్లా తలెత్తుకుంటా?"

పోలీసులకు జవాబు చెప్పినంత తేలిగ్గా నాకు చెప్పలేకపోయింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి నేనే తల దించుకున్నాను.

"నువ్వు నాకు శానా చేసినావన్నా. నేను ఈ ఊరికొచ్చిన దినం నీ అంగట్లోనే పని ఇప్పించినావు. కానీ నీ ముక్క తీసేస్తే, రేపు ఎస్సై వకీలు 'ఇంకేం ముక్కలు తీసేసినావు' అని అడుగుతాడు. నాకాడ జవాబుండదు. మల్లికార్జున లోపలుంటాడు," అంది. "కట్ చెయ్యలేనన్నా. నన్ను తిట్టుకో."

తిట్టుకున్నాను. ఇంటికొచ్చి భార్య ముందు కూడా తిట్టాను. దీప్తి వచ్చి, చూసింది చూసినట్టు ఒక అఫిడవిట్ ఇవ్వమని అడిగితే, నాకు చత్వారం, సరిగ్గా కనబడలేదని పంపేశాను. నాగమ్మ ఆ సంఘటన మర్నాటి నుంచే మా మెట్ల దగ్గర కూర్చోవడం మానేసింది. ఎదురు వరసలో నీడ లేని చోట గోనె పరుచుకుంది. నేను పరుపు మీద కూర్చుంటే రోజంతా ఎదురుగా ఆమే కనిపించేది. పూలు కడుతూ ఒక్కసారీ తలెత్తి మా అంగడి వైపు చూడలేదు.

బెయిలు విచారణ రోజు నేను కోర్టుకు వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. ఆ వీడియోలో నేనెంతసేపు కనిపిస్తానో చూసుకోవాలని వెళ్ళాను, నిజం అదే. అందరి వెనకాల, తలుపు పక్కన నిలబడ్డాను. మల్లికార్జున ముఖం పీక్కుపోయి ఉంది. నాగమ్మ గోడకానుకుని నేల మీద కూర్చుంది. మాబున్ని దీప్తి పక్కన నిలబడింది. నన్నెవరూ చూడలేదు.

దీప్తి లాప్‌టాప్ తెచ్చి మేజిస్ట్రేటు గారి బల్ల మీద పెట్టింది. ప్రభుత్వ వకీలు కూడా చూడాలి కాబట్టి కాస్త పక్కకు తిప్పి పెట్టారు. తలుపు దగ్గర నుంచి నాకూ కనబడింది. మాబున్ని గొంతు వినిపించింది, తేదీ, టైము, ప్రొద్దుటూరు, బట్టలంగడి మెట్లు. తర్వాత బొమ్మ వచ్చింది.

బొమ్మ ఊగుతోంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ తీసిన పెళ్ళి వీడియోలు వందైనా చూసి ఉంటాను. తాళి కట్టేటప్పుడు వెనక నుంచి పదిమంది తోస్తున్నా ఆవిడ బొమ్మ కదలదు. ఇక్కడ ఆటో ఊగుతోంది, లాఠీ ఊగుతోంది, ఎస్సై ముఖం దగ్గరికి వచ్చేసరికి మొత్తం గడగడ వణికింది. "యా చట్టంలో ఉందో కెమెరాకు చెప్పండి సార్" అని ఆ నిబ్బరమైన గొంతు వినబడుతున్నప్పుడు కూడా బొమ్మ వణుకుతూనే ఉంది.

ప్రభుత్వ వకీలు అదే పట్టుకున్నాడు. "ఈవిడకు పాతికేళ్ళ అనుభవం ఉందని వాళ్ళే రాశారు సార్. అనుభవం ఉన్న మనిషి ఇలా తీస్తుందా? ఇది ఎక్కడో తర్వాత తయారుచేసి, తొందరలో తీసినట్టు నటించారు."

మేజిస్ట్రేటు మాబున్నిని అడిగారు. "ఎందుకమ్మా ఇలా ఊగుతోంది?"

"భయం సార్," అంది మాబున్ని. "శానా భయపడినా. చేతులు నిలవలా. ఒకసారి కింద పడేస్తాననుకున్నా. ఆపితే వాన్ని చంపేస్తారేమో అనిపించింది. అందుకే ఆపలా."

ఇన్నాళ్ళూ నేను ఆవిణ్ణి వేరే మట్టితో చేసిన మనిషి అనుకున్నాను. భయమనేది దేవుడు ఆవిడకు పెట్టలేదు, మనకు పెట్టాడు, అందుకే మనం షట్టర్ దించాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు మెట్టుకు ఇవతల నాకెంత భయమేసిందో, అవతల ఆవిడకూ అంతే వేసింది. ఇంకా ఎక్కువే వేసి ఉంటుంది, లాఠీ ఆవిడకు అడుగు దూరంలో ఉంది.

వీడియో సాగుతూనే ఉంది. షట్టర్ వచ్చింది. ఒక మనిషి పొట్ట, చేతులు, కొక్కెం. "శెట్టీ, నువ్వన్నా చెప్పు!" అనే నాగమ్మ గొంతు. షట్టర్ నేలకు తగిలిన మోత. నేల మీద కూర్చున్న నాగమ్మ ఆ మోతకు ఇప్పుడు కూడా ఉలిక్కిపడింది.

మేజిస్ట్రేటు వీడియో ఆపించారు. "తీసిన మనిషి ఒకరు, తల్లి ఒకరు. ఇది నిజంగా జరిగిందని చెప్పడానికి వేరే ఎవరూ లేరా? ఈ షట్టర్ దించుతున్నది ఎవరు?"

దీప్తి ఏదో చెప్పబోయింది. మేజిస్ట్రేటు మాబున్ని వైపే చూస్తున్నారు.

"నాకు తెలుసు సార్ ఆయన ఎవురో," అంది మాబున్ని. "చెడ్డ మనిషి గాదు. ఆయన్ను ఈడికి నేను లాక్కురాను. రావాలంటే ఆయనే రావాల."

నేను అక్కడ ఉన్నానని ఆవిడకు తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట ఇంకోలా చెప్పి ఉండేదేమో. మల్లికార్జున తల వంచుకుని ఉన్నాడు. ఈరోజు బెయిల్ రాకపోతే మళ్ళీ సబ్‌జైలే, ఆ తర్వాత ఎన్నేళ్ళో.

నా కాళ్ళు కదిలాయి. ఎలా కదిలాయో నేను చెప్పలేను. ముందున్న బెంచీ పట్టుకుని, "సార్," అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు.

"అది నేనే సార్. పేరు ఆదినారాయణ. అంగడి నాదే. కానిస్టేబుల్‌ను ఎవురూ తొయ్యలా సార్. తడిగోనె మీద కాలు జారి ఆయనే పడినాడు. మల్లికార్జున ఆటోలో చేతులు నెత్తిన పెట్టుకోనుండాడు. నేను చూసినా."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"భయపడినా సార్."

"ఇప్పుడు భయం పోయిందా?"

"పోలేదు సార్," అన్నాను. "ఆయమ్మ గూడ భయపడిందని ఇప్పుడే తెలిసింది."

మేజిస్ట్రేటు నన్ను ముందుకు రమ్మన్నారు. టైపిస్టు నా మాటలు కొట్టింది, కాగితం నా ముందు పెట్టారు. సంతకం చేస్తుంటే చెయ్యి ఎంత వణికిందంటే, 'ఆది' దగ్గర మొదలైన అక్షరాలు కాగితం అంచు దాకా జారిపోయాయి. నలభై ఏళ్ళుగా చేస్తున్న సంతకం అది. గుమస్తా జాలిపడి, "ఇంకో కాపీ తీయిస్తాలే శెట్టిగారూ, నిమ్మళంగా పెడుదురుగాని," అన్నాడు.

"వద్దు నాయనా, ఇదే ఉండనీ," అన్నాను.

ఆ సాయంకాలం బెయిలు ఉత్తర్వు వచ్చింది. మర్నాడు పొద్దున మల్లికార్జున సబ్‌జైలు నుంచి నేరుగా నడిచి వచ్చి, ఎదురు వరసలో ఎండలో, వాళ్ళమ్మ గోనె పక్కన కూర్చున్నాడు. మా మెట్ల పక్కన ఆమె చోటు ఖాళీగానే ఉంది.